నాలుగు ఈకల నవల: మీరన్నవి, నేను చేయబోయేవి

మా షాపు పాఠకులందరికీ నమస్కారం.

ఈ నెల పుస్తకంగా ‘ది ఫోర్ ఫెదర్స్’ పెట్టాక కౌంటర్ మీది నోట్‌బుక్ నిండిపోయింది. నవల చదవనివాళ్ల కోసం రెండు ముక్కల్లో కథ. ఎ.ఇ.డబ్ల్యు. మేసన్ 1902లో రాశాడు. తన రెజిమెంటును ఈజిప్టు యుద్ధానికి పంపుతున్నారని తెలిసి హ్యారీ ఫెవర్షమ్ అనే ఇంగ్లిష్ ఆఫీసరు రాజీనామా చేస్తాడు. తోటి ఆఫీసర్లు ముగ్గురు పిరికివాడివంటూ తలా ఒక తెల్ల ఈక పంపుతారు. పెళ్లి చేసుకోబోయే ఎత్నీ తన విసనకర్రలోంచి నాలుగోది తుంచి చేతిలో పెడుతుంది. ఆ ఈకల్ని ఇచ్చినవాళ్ల చేతే వెనక్కి తీసుకునేలా చేయాలని అతను మారువేషంలో సూడాన్ బయల్దేరతాడు.

ఎక్కువమంది అడిగింది ఒకటే: “ఇందులో యుద్ధం ఏదండీ?” న్యాయమైన మాటే. శేఖర్ కపూర్ తీసిన 2002 నాటి సినిమా చూసినవాళ్లు ఎడారి పోరాటాల కోసం పేజీలు తిప్పుకుంటూ పోయారు. మేసనేమో ఇంగ్లండ్, ఐర్లండ్ ఇళ్లలోనే మనల్ని కూర్చోబెట్టాడు. ఎడారి ఎండకి చూపు పోయిన హ్యారీ స్నేహితుడు డ్యూరెన్స్, ఎత్నీ మనసులో ఏముందో ఆమె వయొలిన్ విని పసిగట్టడానికి చాలా పేజీలే తీసుకున్నాడు. ఒకాయన అక్కడే పుస్తకం మూసేశారట. నాకూ అక్కడ నిద్రొచ్చింది. సూడాన్‌లోని ఓమ్డుర్మాన్ జైలు దగ్గరికొచ్చేసరికి మాత్రం మత్తంతా వదిలిపోయింది. రాత్రిళ్లు ఖైదీలను ఊపిరాడని రాతి గదిలో కుక్కుతారు, కింద పడినవాడు మళ్లీ లేవడు.

నోట్‌బుక్‌లో నాకు బాగా నచ్చింది ఒక మాజీ హవల్దార్ గారు రాసిన నాలుగు లైన్లు. “హీరోకి శత్రువంటే భయం లేదు, రేపు నేను భయపడిపోతానేమోనని భయం. మేమంతా ఆ రాత్రి గడిపినవాళ్లమే” అని. మొదటి అధ్యాయంలో పిల్లవాడిగా ఉన్న హ్యారీ కొవ్వొత్తి పట్టుకుని, గోడ మీద వరసగా ఉన్న తాతముత్తాతల మిలిటరీ చిత్రాలకేసి తలెత్తి చూసే చోటు ఆయనకి అన్నిటికన్నా నచ్చిందట. నాకూ అంతే.

డిగ్రీ చదివే ఒకమ్మాయి వేరే ప్రశ్న వేసింది. “సూడాన్‌లో జరిగే కథలో సూడాన్ వాళ్లేరి సార్?” అబూ ఫాత్మా ఉన్నాడు, నమ్మకస్తుడు, ప్రాణానికి తెగించి హ్యారీకి సాయం చేస్తాడు. కానీ అతనికేం కావాలో రచయిత ఒక్కసారీ అడగడు. 1881లో సూడాన్‌లో మహ్దీ అనే మతనాయకుడు మొదలెట్టిన తిరుగుబాటు ఈజిప్టు పాలన మీద, దాని పన్నుల మీద జనం కోపంతో బలపడింది. 1885 జనవరిలో రాజధాని ఖార్టూమ్ మహ్దీ సేనల చేతికి చిక్కింది. 1898లో ఓమ్డుర్మాన్ దగ్గర బ్రిటిష్ సేనాని కిచెనర్ సైన్యం మాక్సిమ్ గన్‌లతో (మెషిన్ గన్‌లతో) ఒక్క పొద్దులో దాదాపు 10,000 మందిని చంపింది. కిచెనర్ పక్క చచ్చింది 50 మంది లోపే. నవల నడిచేది దానికి ముందే అయినా, రాసేనాటికి మేసన్‌కి ఇదంతా తెలుసు. అమ్మాయి చెప్పినదాంట్లో తప్పేం లేదు.

ఇంకో సంగతి, నవల్లో లేనిది. 1885 మార్చిలో సూడాన్ రేవు సువాకిన్ దగ్గర టోఫ్రెక్‌లో బ్రిటిష్ వాళ్ల తరఫున మద్రాస్ సాపర్స్ (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం) కూడా పోరాడారు. మన కోస్తా జిల్లాలూ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీవే. ఇది చెప్పేసరికి ఇద్దరు పెద్దమనుషులు షాపులోనే గంటసేపు వాదించుకున్నారు, బేరాలు ఆగిపోయాయి.

పుస్తకాన్ని షెల్ఫ్‌లోంచి తీసేయమని ఒకరిద్దరు అన్నారు. తీయను. సూడాన్ చరిత్ర పుస్తకాల పక్కకి మారుస్తాను, రెండూ చూసి కొనుక్కోండి.

ఇక డబ్బుల మాట. మేసన్ 1948లో పోయాడు కాబట్టి ఇక్కడ ఈ నవలకి కాపీరైట్ తీరిపోయింది, ఎవరైనా అచ్చేసుకోవచ్చు. అందుకే అంత చవగ్గా దొరికింది. అందుకే చీమ తలకాయంత అక్షరాలు, స్కానింగ్‌లో తారుమారైన పేర్లు కూడా. కళ్లద్దాలున్నవాళ్లు తిట్టారు, తిట్టాల్సిందే. ఇకమీదట కాస్త ధర ఎక్కువైనా అక్షరం పెద్దగా ఉండే ఎడిషనే తెప్పిస్తాను. పాతది వద్దనుకున్నవాళ్లు తిరిగిచ్చి, తేడా కట్టి కొత్తది తీసుకోవచ్చు. కథ నచ్చలేదని మాత్రం వాపసు తీసుకోలేను. అలా తీసుకుంటే ఏలూరు రోడ్డు మీద అద్దె కట్టలేం.

వచ్చే నెలకి సూడాన్ రచయిత తయ్యబ్ సాలిహ్ రాసిన ‘సీజన్ ఆఫ్ మైగ్రేషన్ టు ది నార్త్’ పెడుతున్నాను. 1966 నాటి అరబిక్ నవలకి ఇంగ్లిష్ అనువాదం. ఇక్కడ సూడాన్ మనిషే ఇంగ్లండ్ వెళ్తాడు. దీనికి కాపీరైట్ ఉంది కాబట్టి చవక కాపీలుండవు, డిస్కౌంట్ కూడా పెద్దగా ఇవ్వలేను. అందుకని అద్దెకే ఎక్కువ కాపీలు ఉంచుతున్నాను, అద్దె పెంచట్లేదు. ఇప్పుడు ఫెదర్స్ అద్దెకి తీసుకున్నవాళ్లు ఈ నెలాఖరులోపు ఇచ్చేయండి, వెయిటింగ్‌లో ఉన్నవాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసినా ఫర్వాలేదు, పెన్ను మాత్రం వద్దు.