ముందు గుర్రం అన్నారు, తాడు చేతిలో పెట్టారు: ఫీజు వాపసు, గుర్రానికి వైద్యం కోరుతూ ఫిర్యాదు

విషయం: ప్రైవేట్ హార్స్‌మన్‌షిప్, రోపింగ్ క్లాసులు ఒప్పుకున్న ప్రకారం జరగకపోవడం, నా చేతికి గాయం, క్లాసులకి వాడుతున్న ఆడగుర్రం పరిస్థితి గురించి

గౌరవనీయులైన మేనేజర్ గారికి,

నమస్కారం. మీ సంస్థ తెలుగువాళ్లది, మీ ప్రకటన చూసింది కూడా తెలుగులోనే. అందుకే ఈ ఫిర్యాదు తెలుగులో రాస్తున్నాను. టెక్సస్‌లో డెంటన్ వైపు ఉన్న రాంచ్‌లో ఒక్కొక్కరికీ విడిగా క్లాసు ఉంటుందని, మొదటినుంచి చివరిదాకా ఒకే ట్రైనర్ నేర్పిస్తారని, ముందు గుర్రాన్ని అర్థం చేసుకున్నాకే తాడు ముట్టుకోనిస్తామని ఆ ప్రకటనలో రాశారు. ఆ మాట నమ్మి పది క్లాసుల ప్యాకేజీకి మొత్తం ఫీజు ముందే కట్టాను.

ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్‌లోని కౌటౌన్ కొలీజియంలో టీమ్ రోపింగ్, అంటే ఇద్దరు గుర్రాల మీద వెళ్లి తాళ్లతో ఎద్దుని పట్టే పోటీ, చూసినప్పటినుంచి ఇది నేర్చుకోవాలని ఉంది. మొట్టమొదటి ఇండోర్ రోడియో (కౌబాయ్‌ల పోటీలు) 1918లో అక్కడే జరిగిందని చెప్తారు. హెడర్ ఎద్దు కొమ్ములకి ఉచ్చు వేసి పక్కకి తిప్పడం, వెనక వచ్చే హీలర్ దాని రెండు వెనక కాళ్లకి తాడు వేయడం, ఈ మొత్తంలో గుర్రాలు మనిషి చెప్పకముందే వేగం సర్దుకోవడం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. సరదాకి చేరిన క్లాసు కాదిది. చాలా ఇష్టంగా చేరాను.

మొదటి క్లాసులు బాగానే జరిగాయని నిజాయితీగా చెప్తున్నాను. అప్పుడున్న ట్రైనర్ చాలా ఓపికమంతురాలు. గుర్రానికి బ్రష్ చేయడం, గిట్టలు ఎత్తి శుభ్రం చేయడం, జీను వేసేముందు వీపంతా అరచేత్తో తడిమి చూడడం నేర్పారు. సించ్, అంటే పొట్ట కింద జీను పట్టీ, బిగించేటప్పుడు గుర్రం పొట్ట ఉబ్బిస్తుంది, అందుకే నాలుగడుగులు నడిపించి మళ్లీ బిగించాలని చెప్పింది కూడా ఆవిడే. తర్వాత ఆవిడ కనిపించలేదు. ఆ స్థానంలో వచ్చిన ట్రైనర్‌కి నేను ఎంతవరకు నేర్చుకున్నానో కూడా తెలియదు, అడగలేదు. అదే గంటలో ఇంకో ఇద్దరు విద్యార్థుల్ని కూడా కలిపేశారు. ఫీజు మాత్రం ప్రైవేట్ క్లాసు ఫీజే.

అసలు ఫిర్యాదు ఇక్కడినుంచి. రోపింగ్‌లో ఎడమచేతిలో పగ్గాలు, మిగిలిన తాడు చుట్టలు రెండూ ఉంటాయి. కుడిచేయి లూప్ తిప్పడానికే సరిపోతుంది. అంటే ఒంటిచేత్తో, పగ్గం మెడకి తాకిస్తే గుర్రం తిరిగేలా నడపడం ముందు రావాలి. ట్రాట్‌లో (దుడుకు నడకలో), లోప్‌లో (నెమ్మది పరుగులో) జీను మీద కుదురుగా కూర్చోవడం రావాలి. అది రాకుండా తాడు పట్టుకుంటే బ్యాలెన్స్ కోసం పగ్గాలు లాగుతాం, ఆ లాగుడంతా గుర్రం నోటి మీద పడుతుంది. అందుకే ఎక్కడైనా ముందు నేలమీద నిలబడి డమ్మీకి వేయిస్తారు, తర్వాత నిలబడిన గుర్రం మీదనుంచి, ఆ తర్వాత మెల్లగా లాగే స్లెడ్‌కి, చివరికే నెమ్మదైన పశువులకి. నేనింకా పగ్గాలు రెండు చేతులతో పట్టుకునే స్థాయిలో ఉన్నాను. డమ్మీ మీద కాసేపు వేయించి, నేరుగా బతికున్న ఎద్దు వెనక పంపించారు. నేల విడిచి సాము అంటే ఇదే కదండీ.

పైగా డాలీ వేయమన్నారు. ఉచ్చు పడ్డాక తాడుని జీను హార్న్ (జీను ముందుండే పిడి) చుట్టూ తిప్పి బిగించడమే డాలీ. అందులో బొటనవేలు పైకి పెట్టకపోతే తాడుకీ హార్న్‌కీ మధ్య నలిగి వేలు తెగిపోవచ్చు. అలా వేళ్లు పోగొట్టుకున్న రోపర్లు అనుభవజ్ఞుల్లో కూడా ఉన్నారు. కొత్తవాళ్ల కోసం లాగగానే ఊడిపోయే బ్రేకవే హోండా (ఉచ్చు కట్టే కన్ను) ఉంటుంది, ఖరీదైన వస్తువేమీ కాదు. నాకు అది ఇవ్వలేదు. గ్లవ్ అడిగితే ‘ఈ ఒక్కసారికి పర్వాలేదు’ అన్నారు. ఎద్దు పక్కకి లాగగానే తాడు నా కుడి అరచేతిలోంచి రయ్యిన జారిపోయింది. చూపుడువేలి మొదట్నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయింది. అదే లాగుకి జీను ఒక పక్కకి ఒరిగింది. నేను పడలేదంటే ఆ గుర్రం టక్కున ఆగబట్టే.

దిగాక చూస్తే జీనుని బిగించే లాటిగో తోలు, ముడి పడే చోట అడ్డంగా పగిలి ఉంది. గోరుతో వంచితే పొర విడిపోయింది. ఫొటో జతచేశాను.

ఇక ఆ గుర్రం సంగతి. నా చేయి మానిపోతుంది, దాన్ని తలుచుకుంటే మాత్రం బాధగా ఉంది. జీను కింది ప్యాడ్ తీసేసరికి మెడకీ వీపుకీ మధ్య ఎత్తుగా ఉండే చోట, ఎడమ పక్కన, వెంట్రుకలు రాలి చర్మం ఎర్రగా చెమ్మగా ఉంది. వేలు దగ్గరికి తీసుకెళ్లానో లేదో వీపు కిందికి వంచి చెవులు వెనక్కి పెట్టింది. దాని పక్కనే తెల్ల వెంట్రుకల మచ్చలున్నాయి. జీను ఒత్తిడికి లోపల దెబ్బతిన్న చోట వెంట్రుకలు అలా తెల్లగా మొలుస్తాయి, అంటే ఈ ఒరుపు ఇవాళ్టిది కాదు. మిగతా వీపంతా చెమటతో తడిసి ఉంటే కొన్ని చోట్ల మాత్రం పొడిగా ఉంది, జీను దానికి సరిపోవడం లేదనడానికి అది గుర్తు. ట్రైనర్‌కి చూపిస్తే ఇంకో ప్యాడ్ వేస్తే సరిపోతుందన్నారు. ఇరుకు జీను కింద ఇంకో ప్యాడ్ వేస్తే మరింత నొక్కుతుంది. ఆ తర్వాతి విద్యార్థికి మళ్లీ అదే గుర్రం, అదే జీను. నోరులేని జీవి కదా అని ఇంతకి దిగుతారా?

మీకు ఫోన్ చేస్తే, ‘మేడమ్, మీరు ఫారం మీద సంతకం పెట్టారు కదండీ’ అన్నారు. పెట్టాను. గుర్రాల దగ్గర సహజంగా ఉండే ప్రమాదాలకి పెట్టాను. కానీ మీ గేటు దగ్గర బోర్డు మీద రాసిన టెక్సస్ చట్టం, అంటే సివిల్ ప్రాక్టీస్ అండ్ రెమెడీస్ కోడ్ 87వ అధ్యాయం, అన్నిటికీ మీకు రక్షణ ఇవ్వదు. లోపం ఉందని తెలిసిన, లేదా తెలిసి ఉండాల్సిన సామాను ఇచ్చి దానివల్ల దెబ్బ తగిలితే మినహాయింపు ఉంది. నేర్చుకునే మనిషికి ఆ పని, ఆ గుర్రం క్షేమంగా సంభాళించే శక్తి ఉందో లేదో తగినంతగా చూడకపోయినా ఉంది. ఆ రెండూ ఇక్కడ జరిగాయి. ప్రైవేట్ క్లాసని అమ్మి గ్రూపులో కూర్చోబెట్టడం వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం కింద దావాకి 60 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి కాబట్టి, ఈ లేఖనే ఆ నోటీసుగా తీసుకోండి.

నేను కోరేది ఎక్కువేం కాదు. మిగిలిన క్లాసుల ఫీజు, గ్రూపులో కలిపిన క్లాసులకి తీసుకున్న అదనపు ఫీజు, నా చేతికి అర్జెంట్ కేర్‌లో అయిన ఖర్చు వెనక్కి ఇవ్వాలి. రసీదులు జతచేశాను. ఆ గుర్రాన్ని వెటర్నరీ డాక్టర్‌కి చూపించి, పుండు మానేదాకా దాని మీద జీను వేయకూడదు, ఆ తర్వాత కూడా సరిపోయే జీనే వేయాలి. డాక్టర్ రిపోర్టు కాపీ నాకు పంపండి. డబ్బు విషయంలో కాస్త ఆలస్యమైనా ఆగుతాను, గుర్రం విషయంలో ఆగను. పగిలిన లాటిగో వెంటనే తీసేయండి, ఇంకో విద్యార్థి ఆ జీను ఎక్కకముందే.

మొదట నేర్పిన ట్రైనర్ తిరిగి వస్తే, ఆవిడ పద్ధతిలోనే క్లాసులు నడిపితే, మీ దగ్గరే కొనసాగడానికి నాకు అభ్యంతరం లేదు. లేకపోతే ప్యాకేజీ రద్దు చేయండి.

జవాబు ఈమెయిల్‌లోనే పంపండి, ఫోన్‌లో వద్దు.

ఇట్లు,
మీ విద్యార్థిని
జతచేసినవి: లాటిగో, గుర్రం వీపు, నా చేతి ఫొటోలు; ఫీజు, వైద్యం రసీదులు; మీ ప్రకటన కాపీ