అతిథుల పేర్లన్నీ ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ పేరే లేదు

సంపాదకుల గారికి నమస్కారం.

ఉత్తరాలు, లెక్కల పట్టికలు తయారుచేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ మీద అమలాపురంలో జరిగిన అవగాహన సదస్సు వార్త మీ జిల్లా పేజీలో వచ్చి చాలా రోజులైంది. ఎవరో ఒకరు రాస్తారులే అని చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఆ వార్తలో జ్యోతి వెలిగించిన వారి పేరుంది. శాలువాలు కప్పించుకున్న వారి పేర్లున్నాయి. వేదిక మీద కూర్చున్న ప్రతి ఒక్కరి హోదా ఉంది. లిబ్రేఆఫీస్ అన్న మాట మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా లేదు. శుభలేఖ వేయించి పెళ్ళికొడుకు, పెళ్ళికూతుళ్ళ పేర్లు వదిలేసినట్టుంది. అది ఏం పనిచేసే సాఫ్ట్‌వేరో, ఎక్కడ దొరుకుతుందో, పాత కంప్యూటర్లో నడుస్తుందో లేదో ఒక్క ముక్క రాయలేదు. పైగా పిల్లలు దాని కాపీలు పంచుతున్న ఫొటో కింద ‘దాతల సహకారంతో పంపిణీ’ అని వేశారు. ఇందులో దాతలెవరండీ? దాన్ని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, కాపీ తీసి పక్కవాళ్ళకు ఇవ్వచ్చు. లైసెన్సులోనే ఆ హక్కు రాసి ఉంది. మీ వార్త చదివి మా వీధిలో డీటీపీ షాపు నడిపే అబ్బాయి, “కాలేజీలోనే దొంగ కాపీలు పంచుతున్నారా మాస్టారూ?” అని అడిగాడు. నాకు ఎంత కష్టంగా అనిపించిందో చెప్పలేను.

తప్పంతా మీ విలేకరిదే అనను. సభ అయిపోయాక అతని చేతికి వచ్చిన కాగితం అతిథుల జాబితా ఒక్కటే. సాఫ్ట్‌వేర్ గురించి తేలిక తెలుగులో నాలుగు పేరాలు రాసిచ్చే మనిషి అక్కడ లేడు. కోడు రాసే పిల్లలున్నారు, మెనూలు తెలుగులోకి తెచ్చేవాళ్ళున్నారు, అడిగితే ఇంటికొచ్చి ఇన్‌స్టాల్ చేసి పెట్టేవాళ్ళూ ఉన్నారు. అందరూ జీతం లేకుండా, ఇష్టంతో చేస్తున్నవాళ్ళే. బయటి జనానికి చెప్పే పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. నేను చెప్పదలచుకున్నది ఇదే: మన గోదావరి జిల్లాల్లో దీనికోసం ఒక స్వచ్ఛంద ప్రచార బృందం కావాలి. అందులో ఎక్కువమంది కోడు రానివాళ్ళే ఉండాలి.

సరుకు మంచిదైతే ప్రచారం ఎందుకని కొందరు కుర్రాళ్ళు నాతో వాదించారు. ఇంటర్నెట్ చూడటానికి వాడే ఉచిత బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ మొదటి వెర్షన్ 2004 నవంబరులో వచ్చింది. ఆ డిసెంబరు 16న న్యూయార్క్ టైమ్స్‌లో దానికి రెండు నిండు పేజీల ప్రకటన పడింది. డబ్బిచ్చింది ఏ కంపెనీయో కాదు, దాన్ని వాడుకునే సుమారు 10,000 మంది మామూలు మనుషులు చందాలు వేసుకున్నారు. వాళ్ళ పేర్లే ఆ పేజీలో చిన్న అక్షరాల్లో అచ్చయ్యాయి. 2008లో మూడో వెర్షన్‌కు ఒక్క రోజులో 80 లక్షలకు పైగా డౌన్‌లోడ్లు వచ్చి గిన్నిస్ రికార్డు అయింది. దాని వెనకా వాలంటీర్ల ప్రచారమే ఉంది. విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత లినక్స్ రకాల్లో డెబియన్ ఒకటి, వాళ్ళకు వార్తలు రాయడానికే ఒక బృందం ఉంది. లిబ్రేఆఫీస్‌ను నడిపే డాక్యుమెంట్ ఫౌండేషన్‌లోనూ ప్రచారం పని వాలంటీర్లు పంచుకుంటారు. మన దగ్గరే ఆ పనిని పనిగా చూడరు.

చూడకపోతే ఏమవుతుందో చెబుతాను. లిబ్రేఆఫీస్ 2010లో ఓపెనాఫీస్ అనే పాత ఉచిత సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వేరే దారి పట్టింది. ఓపెనాఫీస్‌లో 2014 తర్వాత చిన్నచిన్న సవరణలే తప్ప పెద్ద వెర్షన్ రాలేదు. అయినా మా వైపు చాలామంది ఇప్పటికీ ఆ పాతదాన్నే దించుకుని, తెలుగు సరిగా రావడం లేదని తిట్టుకుంటున్నారు. వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు సపోర్టు, అంటే లోపాలు సరిచేసి పంపే సేవ, ఆగిపోయింది. ఆఫీస్ 2016, 2019లకు కూడా అదే రోజున ఆగింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కంప్యూటర్లో ఉండాలి, చాలా పాత మెషీన్లలో అది లేదు. ఆ కంప్యూటర్లను లినక్స్‌తో ఇంకా కొన్నేళ్ళు నడుపుకోవచ్చని లినక్స్‌కు డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ వాళ్ళూ మరికొందరూ కలిసి పెద్ద ప్రచారమే చేశారు. ఆ మాట మన బడుల దాకా రాలేదు. ఇక్కడి షాపుల వాళ్ళు కొత్తది కొనమన్నారు, కొన్నారు. నాకు తెలిసిన ఒక బడిలో బాగా పనిచేస్తున్న ల్యాబు మొత్తాన్ని పాత ఇనప సామాను కింద అమ్మేశారు. పిల్లల ఫీజు డబ్బులండీ అవి!

బృందం అంటే వాట్సాప్ గ్రూపు పెట్టి గుడ్ మార్నింగులు పంపుకోవడం కాదు. లిబ్రేఆఫీస్ కొత్త వెర్షన్ ఏటా ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి వస్తుంది. నెల ముందు నుంచే పని మొదలవ్వాలి. కొత్తగా ఏం చేర్చారో చెప్పే విడుదల నోట్స్ ఇంగ్లీషులో పేజీలకు పేజీలు ఉంటాయి, అందులోంచి మనవాళ్ళకు పనికొచ్చే నాలుగు సంగతులు ఏరాలి. డీటీపీ అతనికి ఒత్తులు, గుణింతాలు చెదరకుండా పీడీఎఫ్ వస్తుందా అన్నది ముఖ్యం. టీచరుకు మార్కుల పట్టిక, రైస్ మిల్లు గుమాస్తాకు పాత ఎక్సెల్ ఫైళ్ళు తెరుచుకోవడం ముఖ్యం. అందరికీ ఒకే కరపత్రం ఇస్తే ఎవరూ చదవరు.

రాసినదాన్ని సాఫ్ట్‌వేర్ తెలిసిన మరొకరు తప్పకుండా సరిచూడాలి. ఉత్సాహం కొద్దీ “ఎంఎస్ ఆఫీసులో ఉన్నవన్నీ ఇందులో ఉన్నాయి” అని చెప్పేస్తున్నారు. అది నిజం కాదు. కొన్ని మాక్రోలు, అంటే ఫైల్లో పని దానంతటదే జరిగేలా రాసుకున్న ఆదేశాలు, పనిచేయవు, కొన్ని డాక్యుమెంట్లలో పేజీల అమరిక చెదురుతుంది. ముందే చెబితే మనిషి సర్దుకుంటాడు. దాచిపెడితే మొదటి రోజే ఫైలు చెదిరి మళ్ళీ మన మొహం చూడడు.

విలేకరులతో మాట్లాడే మనిషి ఒకరే ఉండాలి, సాయంత్రం ఎడిషన్ వేళకు ఫోనెత్తాలి. శాలువాల ఫొటో కాకుండా స్క్రీను ఫొటో పంపాలి. ఇంకొకటి, పాస్‌వర్డులు. ఇక్కడి పిల్లలు ఇంటర్నెట్‌లో పెట్టుకున్న పేజీ చాలా కాలంగా నిద్రపోతోంది. దాని పాస్‌వర్డు తెలిసిన అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, అంతే. కనీసం ముగ్గురి దగ్గర తాళాలుండాలి. ఒక్కరి నెత్తినే అంతా వేయకుండా వెర్షన్ వెర్షన్‌కూ బాధ్యతలు మార్చుకోవాలి, లేకపోతే ఏడాది తిరక్కుండానే అలిసిపోతారు.

మనుషులు దొరకరని మాత్రం అనకండి. రిటైరైన తెలుగు మాస్టార్లు ఊరూరా ఉన్నారు. రావులపాలెం నుంచి భీమవరం దాకా ప్రతి సెంటర్లో ఫ్లెక్సీ డిజైనర్లున్నారు. పోస్టర్లు ఇంక్‌స్కేప్, గింప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్లలో చేయడం వాళ్ళకు వారం రోజుల్లో పట్టుబడుతుంది. సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చే జనంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి లేని కుటుంబం ఉందా? హైదరాబాద్, బెంగళూరుల నుంచి వాళ్ళంతా ఇళ్ళకు వచ్చేది అప్పుడే. బృందంలో చేరమని వాళ్ళను అడగాల్సిందీ అప్పుడే.

అధికారుల సంగతి కూడా రాయక తప్పదు. ప్రభుత్వ పనుల్లో ఓపెన్ సోర్స్‌కు, అంటే కోడు అందరికీ తెరిచి ఉంచే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు, ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. ఆఫీసుల్లో దాని గురించి అడిగితే ఎవరూ విన్నట్టు కనపడరు. కేరళ ప్రభుత్వ బడుల్లో ఐటీ పాఠాలు ఏళ్ళ తరబడి లినక్స్ మీదే చెబుతున్నారు. అక్కడి పిల్లలకు వచ్చింది మన పిల్లలకు రాదా? ఇక్కడ ఇప్పటికీ సర్క్యులర్లు పాత ఫాంట్లలో టైపు చేసి, ప్రింటు తీసి, మళ్ళీ స్కాన్ చేసి పంపుతున్నారు. అందులో ఒక్క పదం వెతుకుదామన్నా కుదరదు. పుట్టినరోజు ఫ్లెక్సీలకు అనుమతులు ఇట్టే వస్తాయి. శాఖా గ్రంథాలయం నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించుకోవడానికి మాత్రం అర్జీ పెట్టుకుని తిరగాలి.

పత్రికల ధోరణీ మారింది. వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని మొదలుపెట్టిన గోదావరి గడ్డ ఇది. సభకు ఎవరొచ్చారన్నది కాదు, అక్కడ ఏం చెప్పారన్నది రాసిన పత్రికల్ని చదివి పెరిగాం. ఇప్పుడు జిల్లా పేజీ అంతా దండలే.

నేను ఈ పిల్లలతో మాట్లాడాను. రాసే పనికి నేను ముందుకొస్తానన్నాను, మరో ఇద్దరు రిటైర్డ్ టీచర్లు కూడా సరేనన్నారు. ఫిబ్రవరి వెర్షన్‌కు ఒక పేజీ తెలుగు నోటు, రెండు స్క్రీను ఫొటోలు మీ అమలాపురం విలేకరికి ముందే అందుతాయి. అందులో అతిథుల పేర్లు ఉండవు. స్థలం చాలకపోతే ఆ నోటును కత్తిరించండి, కానీ సాఫ్ట్‌వేర్ పేరు, దొరికే చోటు, ఏ కంప్యూటర్లో నడుస్తుందన్న వివరం మాత్రం ఉంచండి. పోయిన వార్తకు సవరణ కూడా వేయాలి. ఆ పిల్లలు పంచింది దొంగ కాపీలు కావని మీ పత్రికలోనే అచ్చవ్వాలి.

ఇట్లు,
రిటైర్డ్ పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
అమలాపురం.