టన్నులు సరే, చేప ఎంతుందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మా కడప జిల్లాకు సముద్రం లేదు గానీ ఎండు చేపల వాసన తెలియని ఊరూ లేదు. సంగటిలోకి ఎండు చేపల పులుసు ఉంటే మావాళ్లు ఇంకో కూర అడగరు. బద్వేలు చుట్టుపక్కల సంతల్లో ఇరవై ఎనిమిదేళ్లుగా అవే అమ్ముకుని బతుకుతున్నాను. సరుకు నెల్లూరు తీరం నుంచి వస్తుంది.

మొదట్లో కానాగంత చేప అంటే జానెడు ఉండేది. పోయిన నెల సంతలో ఒకామె గంపలోకి తొంగిచూసి, "ఏమప్పా, చేపలు అమ్ముతున్నావా, చీపురు పుల్లలా?" అనింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం మనవరాలి జామెట్రీ బాక్సులో స్కేలు తీసి గంపలో కానాగంతల్ని ఒక్కొక్కటే కొలిచాను. సగానికి పైగా 11 సెంటీమీటర్లు దాటలేదు.

కేరళలో 14 సెంటీమీటర్ల కంటే చిన్న కానాగంతను పట్టకూడదు. నూనె కవళ్లకైతే, అంటే సార్డిన్ చేపలకు, 10 సెంటీమీటర్లు. ఇలా 58 రకాలకు అక్కడి ప్రభుత్వం కొలత పెట్టింది. చేపకు ఎదిగి గుడ్లు పెట్టే వ్యవధి ఇవ్వాలని ఆ ఏర్పాటు. ఎండితే చేప కొంత ముడుచుకుపోతుంది, నిజమే. దానికి రెండు సెంటీమీటర్లు వదిలేసినా నా గంపలో సగం సరుకు అక్కడ తప్పుడు సరుకే.

మాకు సరుకిచ్చే ఆయన్ని ఫోన్లో అడిగాను. "పెద్దవి ఐసులో పెట్టి పట్నాలకు పంపేస్తున్నార్నా. పిల్లచేపలన్నీ చేపల పొడి మిల్లుకు పోతాయి. రెండిట్లో మిగిలిందే నీకు" అన్నాడు. ఆ పొడి రొయ్యల మేతలో కలుస్తుంది. మన రాష్ట్రం చేపల ఉత్పత్తిలో దేశంలోనే మొదటిదని మీ పత్రికలో చదివినప్పుడల్లా సంతోషమే, అయితే అందులో చాలా భాగం చెరువుల చేపలూ రొయ్యలే. చెరువు రొయ్య సముద్రపు పిల్లచేపను తిని పెరుగుతుంటే, ఇక్కడ పెరిగిన లెక్కలోంచి అక్కడ తరిగింది ఎవరు తీసేస్తున్నారు?

కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్లు 2022లో దేశమంతటా సముద్రంలో ఉన్న 135 చేపల నిల్వల్ని పరిశీలించి, 91.1 శాతం బాగానే ఉన్నాయన్నారు. ఆ మాట తప్పనడానికి నేనెవర్ని? అయితే కేరళ నూనె కవళ్ల సంగతి కూడా ఆ సంస్థ లెక్కల్లోనే ఉంది. 2012లో దాదాపు 4 లక్షల టన్నులు పడినవి 2021లో 3,297 టన్నులకు దిగిపోయాయి. సముద్రం వేడెక్కడమూ ఒక కారణమంటారు, అంతా వలల తప్పే అనలేం. కానీ పిల్లచేపల్ని ముందే ఊడ్చేస్తే, అలాంటి చెడ్డ ఏడాది వచ్చినప్పుడు తేరుకోవడానికి ఏం మిగులుతుంది?

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. 2025 నుంచి ఆ కాలానికి మత్స్యకార కుటుంబానికి 20 వేలు ఇస్తున్నారు. మంచి పని, ఇంకా ఇచ్చినా తప్పులేదు. జూన్ 15న పడవలు దిగాక సన్నకన్ను వలలో ఆ చిన్నవే పడుతుంటే మాత్రం రెండు నెలలు పొయ్యి ఆర్పుకున్నవాళ్ల కష్టం ఏమైనట్టు?

మన ప్రభుత్వం కూడా రకానికింత అని కొలత పెట్టాలి. తనిఖీ రేవులోనూ, పొడి మిల్లు గేటు దగ్గరా జరగాలి. సంతలో నా గంప మీద పడితే లాభం లేదు, నా దాకా వచ్చేసరికి చేప ఎప్పుడో చచ్చి ఎండింది. కొలత పెడితే కొన్నాళ్లు నాకూ సరుకు తగ్గుతుంది, తెలిసే రాస్తున్నాను. మీరు కూడా ఇన్ని లక్షల టన్నులు, ఇన్ని కోట్ల ఎగుమతులు అని వేసేటప్పుడు, పడిన చేప సగటున ఎంత పొడవుందో అధికారుల్ని అడిగి పక్కన వేయండి.

జూన్ తర్వాత వచ్చే మొదటి మూటను కూడా కొలుస్తాను. స్కేలు ఇప్పుడు నాదే. ఎంత కడిగినా నీచు వాసన పోలేదని మనవరాలు కొత్తది కొనిపించుకుంది.

ఇట్లు,
ఒక ఎండు చేపల వ్యాపారి,
బద్వేలు, కడప జిల్లా