వార్షిక నివేదిక 2024–25: చదరంగం తరగతి, భీమవరం విజయం

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం జమాఖర్చులు, వైద్య శిబిరం, సంక్రాంతి ముగ్గుల పోటీ వివరాలు కార్యదర్శి గారి నివేదికలో ఉన్నాయి. చదరంగం తరగతి గురించి రాసే పని నాకు అప్పగించారు. పిల్లలకు ఆట నేర్పేవాణ్ని కాబట్టి ఈ నాలుగు మాటలు ఎంతో సంతోషంగా రాస్తున్నాను.

ముందు ఫలితం చెబుతాను. పండగ వెళ్లాక ఒక శని, ఆదివారాల్లో భీమవరంలో ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగించే చదరంగం) టోర్నమెంటు జరిగింది. మన పాలకొల్లు తరగతి పిల్లలు అందులో మూడు బహుమతులు గెలిచారు. ఏడో తరగతి అమ్మాయి అండర్-13 బాలికల్లో మొదటి స్థానం, ఎనిమిదో తరగతి అబ్బాయి అండర్-15లో రెండో స్థానం, డిండి నుంచి చించినాడ వంతెన దాటి వచ్చే చిన్నోడు అండర్-9లో మూడో స్థానం. బహుమతి రాని పిల్లలు కూడా ఏడు రౌండ్లూ ఆడారు. మధ్యలో లేచి వచ్చేసినవాళ్లు ఒక్కరూ లేరు.

తరగతి మొదలైన నాటి నుంచి తల్లిదండ్రులు ఒకే మాట అడుగుతున్నారు: "మాస్టారూ, ఓపెనింగులు ఎప్పుడు చెప్తారండీ?" ఓపెనింగులంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు. ఈ ఏడాది మేము కావాలనే ఆట చివరి నుంచి మొదలుపెట్టాం. బోర్డు మీద రెండు రాజులు, ఒక బంటు, అంతే. రాజులు మధ్యలో ఒక గడి వదిలి ఎదురెదురుగా నిలబడితే, ఎత్తు ఎవరి వంతో వాళ్లే దారి ఇవ్వాలి. ఈ ఒక్క సంగతి వంటబట్టడానికి ఒక్కో పిల్లాడికి వారాలు పడుతుంది. కానీ వచ్చాక పోదు. ఓపెనింగు ఎత్తులు బట్టీపట్టిన పిల్లాడు ఎదుటివాడు కొత్త ఎత్తు వేయగానే తెల్లమొహం వేస్తాడు.

డిసెంబరు 12న సింగపూర్‌లో జరిగినది చూశాక పెద్దవాళ్లకూ నమ్మకం కుదిరింది. ప్రపంచ టైటిల్ పోరులో చివరిదైన 14వ ఆట డ్రా అయిపోతుందనే అందరూ అనుకుంటుండగా, అప్పటి ప్రపంచ విజేత, చైనాకు చెందిన డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగును పెట్టకూడని గడిలో పెట్టాడు. మన దేశపు గుకేశ్ ఏనుగులూ శకటులూ మార్పిడి చేసేసి, ఎక్కువున్న ఒక్క బంటుతో 7.5–6.5 తేడాతో పద్దెనిమిదేళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు. ఆ చివరి పొజిషన్‌ను తరగతిలో బోర్డు మీద పెట్టి, ఎందుకు గెలుపో పిల్లల చేతే చెప్పించాం.

భీమవరంలో మా ఎనిమిదో తరగతి అబ్బాయికి ఆఖరి రౌండులో అచ్చంగా అలాంటి పరిస్థితే ఎదురైంది, కాకపోతే అవతలి వైపు నుంచి. వీడికి ఒక బంటు తక్కువ. గడియారంలో నిమిషం కూడా లేదు, ఎత్తు వేసినప్పుడల్లా కలిసే పది సెకన్లే ఆధారం. చుట్టూ నిలబడ్డవాళ్లు ఓడిపోయాడనే అనుకున్నారు. వాడు మాత్రం ధైర్యంగా ఏనుగుల మార్పిడికి తనే దిగాడు. రాజును బంటుకు ఎదురుగా నిలిపి, జరగాల్సి వస్తే తిన్నగా వెనక్కే జరిగి, ఎదుటి రాజు ముందుకొచ్చినప్పుడల్లా ఎదురు నిలిచాడు. చివరికి స్టేల్‌మేట్, అంటే షా లేకపోయినా వేయడానికి ఎత్తే లేని స్థితి. ఆట డ్రా. ఆ అర పాయింటే రెండో స్థానం తెచ్చింది.

అమ్మాయిది ఇంకో కథ. మొదటి రౌండులోనే గుర్రం ఊరికే పోగొట్టుకుని ఓడిపోయింది. స్విస్ పద్ధతిలో ఓడినవాళ్లను ఇంటికి పంపరు, సమానంగా పాయింట్లున్నవాళ్లతో జత కడతారు. అయితే మొదట్లోనే ఓడితే టైబ్రేకులో, అంటే పాయింట్లు సమానమైనప్పుడు స్థానం తేల్చే లెక్కలో, వెనకబడే ప్రమాదం ఉంది. భోజనాల దగ్గర తనకు కోనేరు హంపి గారి సంగతి గుర్తు చేశాను. గుడివాడలో పుట్టిన ఆవిడ డిసెంబరులో న్యూయార్క్‌లో మొదటి ఆట ఓడిపోయి కూడా 11 రౌండ్లలో 8.5 పాయింట్లు తెచ్చుకుని రెండోసారి మహిళల ప్రపంచ ర్యాపిడ్ విజేత అయ్యారు. అమ్మాయి ఏమీ అనలేదు, పెరుగన్నం పూర్తి చేసి లేచింది. తర్వాత ఆరు ఆటల్లో ఒక్కటీ ఓడలేదు. ఆ మొండితనం నేను నేర్పింది కాదు, ఆ పిల్లదే.

చిన్నోడి గురించి ఒక్క ముచ్చట. ఎదుటి పిల్లవాడు క్యాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరపడం) చేయబోయి, రాజు కన్నా ముందు ఏనుగును పట్టుకున్నాడు. అలా చేస్తే ఆ ఎత్తులో ఆ వైపు క్యాస్లింగ్ కుదరదు, ఏనుగునే కదపాలి. మనవాడు గొడవ పడకుండా గడియారం ఆపి, చెయ్యెత్తి ఆర్బిటర్‌ను (ఆట న్యాయనిర్ణేతను) పిలిచాడు. తొమ్మిదేళ్లు కూడా నిండని పిల్లాడు నిబంధన తెలుసుకుని మర్యాదగా అడగడం నాకు పతకం కన్నా ఎక్కువ.

తిరుగు రైల్లో వీరవాసరం దాటేలోపే పిల్లలు తమ ఆటలు గుర్తు చేసుకుంటూ నోటుపుస్తకాల్లో రాయడం మొదలుపెట్టారు. ర్యాపిడ్‌లో ఎత్తులు రాయాలన్న నియమం లేదు, అయినా ఓడిన ఆట రాసుకున్నవాళ్లే బాగుపడతారు.

జులైలో గోదావరి పోటెత్తిన రోజుల్లో లంకల నుంచి వచ్చే పిల్లలకు తరగతులు పోయాయి. ఫోనుకు రోజుకో పొజిషన్ పంపి నెట్టుకొచ్చాం.

సభ్యులకు నా విన్నపం రెండు సంగతుల మీద. వచ్చే ఏడాది కప్పులకు, శాలువాలకు పెట్టే డబ్బుతో డిజిటల్ గడియారాలు కొని, పేద పిల్లల ఎంట్రీ ఫీజులు, రైలు టికెట్లు కట్టండి. పదో తరగతి రాగానే ఆడపిల్లల్ని ఆట మాన్పించకండి. వారానికి రెండు గంటల ఆటతో మార్కులు తగ్గవు.

కొత్త బ్యాచ్ బడులు తెరిచాక మొదటి ఆదివారం ఉదయం సంఘం హాల్లో మొదలవుతుంది. బోర్డులు మేమే ఇస్తాం. ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఇచ్చి పంపండి.