టీవీల్లో, గేమ్ కన్సోళ్లలో బ్రౌజర్ ఉండాలి

సంపాదకులకు,

పండగ రాయితీల రోజుల్లో నెల్లూరులోనూ మా కావలిలోనూ స్మార్ట్ టీవీలు, గేమ్ కన్సోళ్లు (వీడియో గేములు ఆడుకునే యంత్రాలు) కొనేవారు తెర ఎన్ని అంగుళాలు, ఏయే యాప్‌లు వస్తాయి అని అడుగుతున్నారే గానీ, అందులో వెబ్ బ్రౌజర్, అంటే ఏ వెబ్‌సైటునైనా తెరిచి చూపే సాఫ్ట్‌వేర్, ఉందా అని అడిగేవారు అరుదు. దుకాణదారులూ చెప్పరు. ముందుగా అడగవలసింది అదేనని నా అభిప్రాయం.

ఒకప్పుడు ఈ యంత్రాల్లో బ్రౌజర్ మామూలుగానే ఉండేది. 2006లో వచ్చిన సోనీ ప్లేస్టేషన్ 3లోనూ, 2013 నాటి ప్లేస్టేషన్ 4లోనూ మనకు కావలసిన వెబ్‌సైటు చిరునామా టైపు చేసుకుని చూసే వీలుండేది. నింటెండో వారి వీ యంత్రానికి ఒపెరా సంస్థ బ్రౌజర్ తయారుచేసి ఇచ్చింది. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌లోనూ, 2020 నాటి ప్లేస్టేషన్ 5లోనూ అలాంటి బ్రౌజర్‌ను కొన్నవారి చేతికి ఇవ్వలేదు. వెబ్ పేజీలను చూపగల సాఫ్ట్‌వేర్ లోపల లేక కాదు. హోటళ్లలో వైఫై లాగిన్ పేజీ వచ్చినప్పుడు స్విచ్ దాన్నే తెరుస్తుంది, పని కాగానే మూసేస్తుంది.

యాప్ ఉంటే చాలదా అంటారు. రిమోట్‌తో అక్షరాలు కొట్టుకునే తిప్పలు తప్పుతాయి, బొమ్మ నాణ్యంగా వస్తుంది, కాబట్టి యాప్‌లు వద్దని నేనూ అనను. కానీ యాప్ ఎంతకాలం ఉండాలో నిర్ణయించేది డబ్బు పెట్టి యంత్రం కొన్న మనం కాదు. 2021 జూన్ 30తో నింటెండో వారి వీ యూ, 3డీఎస్ గేమ్ యంత్రాలపై నెట్‌ఫ్లిక్స్ తన సేవను నిలిపివేసింది. ఆ యంత్రాలు చెడిపోలేదు, ఇళ్లలో ఇంటర్నెట్టూ ఆగలేదు. మా ఇంటి టీవీలోనూ ఒక వీడియో సేవ ఇలాగే ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది. తెర, స్పీకర్లు, వైఫై అన్నీ బాగున్న టీవీని మార్చుకోమనడం ఏం న్యాయం? బ్రౌజర్ కూడా పాతబడుతుంది, నిజమే. అయితే ఆ ఒక్కదాన్ని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తే లెక్కలేనన్ని సైట్లు తెరుచుకుంటాయి, అదే యాప్‌లైతే ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క రకం యంత్రానికి విడిగా తయారుచేసి, ఏళ్ల తరబడి చూసుకోవాలి.

అంత ఖర్చు పెద్ద సంస్థలు భరిస్తాయి గానీ చిన్న తెలుగు సైట్లు ఎక్కడ భరిస్తాయి? అడంగల్, 1బీ వంటి భూమి రికార్డులు చూసుకునే మీభూమి సైటుకు గానీ, పదో తరగతి ఫలితాల పేజీకి గానీ గేమ్ కన్సోల్ కోసం ఎవరూ యాప్ తయారుచేయరు. ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోనూ తెల్లవారగానే తండ్రితో పాటు పొలానికో, రొయ్యల చెరువుకో వెళ్లిపోయే కుటుంబాలు మా ప్రాంతంలో ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఇంటర్నెట్ ఉన్న టీవీలో బ్రౌజర్ ఉంటే పిల్లలకు అదే కంప్యూటర్ అవుతుంది.

బ్రౌజర్‌లోని లోపాల గుండా యంత్రం లోపలికి చొరబడతారన్నది తయారీదారుల వైపు నుంచి బలమైన వాదన. ప్లేస్టేషన్ 4 విషయంలో అది నిజంగా జరిగింది కూడా. అయినా మైక్రోసాఫ్ట్ తన గేమ్ కన్సోల్ ఎక్స్‌బాక్స్‌లో ఎడ్జ్ అనే సొంత బ్రౌజర్‌ను ఉంచడమే కాక, 2021లో దాన్ని క్రోమియం (గూగుల్ క్రోమ్ బ్రౌజర్‌కూ మూలమైన సాఫ్ట్‌వేర్) ఆధారంగా కొత్తగా ఇచ్చింది. ఒక సంస్థ చేయగలిగినది తక్కినవారికి అసాధ్యమంటే నమ్మలేం.

టీవీల సాఫ్ట్‌వేర్ మన నియంత్రణ సంస్థలకు కొత్త విషయమేమీ కాదు. ఆండ్రాయిడ్ టీవీల కేసులో గూగుల్ 20.24 కోట్ల రూపాయలు చెల్లించి రాజీ చేసుకోవడానికి 2025 ఏప్రిల్‌లో వ్యాపార పోటీని పర్యవేక్షించే కాంపిటీషన్ కమిషన్ ఆమోదం తెలిపింది. ఆ కేసు తమ టీవీల్లో ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలన్న తయారీదారుల స్వేచ్ఛకు సంబంధించినది. కొనేవారి స్వేచ్ఛను కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ పట్టించుకోవాలి. యంత్రంలో బ్రౌజర్ ఉందో లేదో, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఏ సంవత్సరం వరకు ఇస్తారో అట్టపెట్టె మీద ధర పక్కనే, తెలుగులో కూడా ముద్రించేలా నిబంధన తేవాలి. మీ పత్రిక సైతం కొత్త టీవీలను, కన్సోళ్లను పరిచయం చేసేటప్పుడు ఈ రెండు వివరాలను తప్పక ఇవ్వాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా