వేపచెట్టు కింది పెద్దాయనకు కృతజ్ఞతలు

మా వీధి చివర కల్వర్టు లేదు గానీ, దాని శంకుస్థాపన శిలాఫలకం మాత్రం మూడేళ్లుగా చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. వీపు గోక్కోవడానికి బర్రెలకు అంతకంటె ప్రజోపయోగమైన కట్టడం మా వార్డులో మరొకటి లేదు. కల్వర్టు ఎందుకు కట్టలేదని సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయల రుసుముతో నేను అడిగితే, "ఎందుకు" అన్నది సమాచారం కిందికి రాదని సరిగ్గా 30వ రోజున జవాబు వచ్చింది. ఆ జవాబు పట్టుకుని కార్యాలయం బయట దిక్కుతోచక నిలబడ్డ నన్ను వేపచెట్టు కిందికి పిలిచి, "ప్రశ్నలు అడగకండి బాబూ, కాగితాలు అడగండి" అంటూ, అంచనా పత్రం, జరిగిన పని కొలతలు రాసే ఎం-బుక్కు, బిల్లుల నకళ్లు కావాలని తన పెన్నుతోనే దరఖాస్తు తిరగరాసిచ్చి, టీ అయినా తాగకుండా వెళ్లిపోయిన పెద్దాయనకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు.

పేజీకి 2 రూపాయల చొప్పున 18 రూపాయలు కట్టాక తొమ్మిది పేజీలు చేతికొచ్చాయి. శిలాఫలకానికి, షామియానాకు, పూలదండలకు, ఆఖరికి జీడిపప్పు పొట్లాలకు కూడా బిల్లులు ఉన్నాయి. ఎం-బుక్కులో కల్వర్టు కొలతల పేజీ ఒక్కటే తెల్లగా ఉంది.

అయ్యా, ఆనాటి కంగారులో మీ పేరు అడగడం మరిచాను. ఆ తెల్ల పేజీకి కూడా 2 రూపాయలు వసూలు చేశారని మీకు విన్నవించుకుంటున్నాను.