ఆ పిల్ల శనివారం క్లాసు ఎందుకు మానేసింది: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. కోనసీమ జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రెండేళ్ల కిందట రిటైరయ్యాను. ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఒక హైస్కూల్లో చురుకైన పిల్లల కోసం పెట్టిన శనివారం సాయంత్రం క్లాసుకి వెళ్లి చెబుతున్నాను. ఆ క్లాసులో అందరికంటే బుర్ర ఉన్న ఏడో తరగతి పిల్ల ఆరు వారాలు వచ్చి మానేసింది. ఆ పిల్ల గురించే ఈ ఉత్తరం.

పేరు రాయను. వాళ్ల నాన్న కొబ్బరి దింపుకి వెళ్తాడు, అమ్మ పీచు ఫ్యాక్టరీలో కూలి. నేను బోర్డు మీద లెక్క పూర్తిగా రాసేలోపే ఆ పిల్ల చూపు కిటికీ వైపు వెళ్లిపోయేది. ధ్యాస లేదనుకున్నాను. నోట్సు తెప్పించి చూస్తే ప్రతి లెక్కకీ జవాబు ఒక్కటే ఉంది, మధ్యలో మెట్లు లేవు. వెనక పేజీలు తిప్పితే మాత్రం నేను చెప్పని అంకెలు బోలెడు. లాకుల (కాలవ నీళ్లు ఆపి వదిలే తలుపుల) దగ్గర్నుంచి చాకలిరేవు దాకా తన అడుగులతో 212. కొబ్బరి డొక్క ముక్క కాలవ మధ్యలో వేస్తే రేవు చేరడానికి 150 సెకన్లు, ఒడ్డు పక్కన వేస్తే 240. అదే కొలత నాలుగు రోజులు వరసగా ఉంది. కింద పెన్సిల్‌తో ఒక ప్రశ్న: "ఒకే కాలవ, ఒకే నీరు. మరి రెండు స్పీడ్లు ఎందుకు?"

ఇదంతా ఎందుకు కొలిచావమ్మా అని అడిగాను. జూన్‌లో కాలవలకి నీళ్లు వదిలారని పేపర్లో పడుతుంది గానీ, కాలవ చివర శివార్లో ఉన్న వాళ్ల మావయ్య చేలోకి నీరు తగిలేసరికి ఎన్నో రోజులు పడుతుందట. సార్వా (తొలకరి వరి) నారుమడి ఎప్పుడు పోసుకోవాలో తెలియక ఆయన ఏటా టెన్షన్ పడతాడట. "ఎన్ని రోజులకి వస్తాయో ముందే లెక్క కట్టి చెబుదామనండి" అంది.

అటువంటి పిల్లకి మేం ఏం ఇచ్చామో చెబుతాను. ఒక పరీక్ష పెట్టి పన్నెండు మందిని ఎంచాం. వాళ్లకి ప్రత్యేకమని పేరు పెట్టి, క్లాసులో చేసిన లెక్కలే ఇంకో నలభై అచ్చు వేయించి ఇచ్చాం. బడి వదిలాక గంటన్నర కూర్చోబెట్టాం. మామూలు హోంవర్కు ఒక్క ముక్క తగ్గించలేదు. ఎప్పుడైనా పోటీకో ప్రదర్శనకో తీసుకెళ్తే, ఆ రోజు పోయిన పాఠాల నోట్సు మొత్తం ఎక్కించుకురమ్మన్నాం. ఈ తప్పులో నా చెయ్యి కూడా ఉంది. ఆ నలభై లెక్కలు తయారుచేసింది నేనే.

మానేశాక వాళ్లింటికి వెళ్లాను. పిల్ల తలుపు చాటున నిలబడి, "తెలిసినవే మళ్లీ మళ్లీ చెయ్యమంటున్నారండి టీచర్" అని ఊరుకుంది. వాళ్ల నాన్న నన్ను అరుగు మీద కూర్చోబెట్టి బొండం కొట్టిచ్చి, మెల్లగా అన్నాడు: "దానికి తెలివుందని మీరే అంటారు గదండీ. తెలివున్నదాన్ని ఇంకా ఎక్కువ కష్టపెడతారేంటండీ? పైగా చీకటి పడ్డాక కాలవ గట్టు మీద ఒక్కతీ రావాలి." నాకు జవాబు దొరకలేదు.

అయ్యా, మన ప్రభుత్వాలు ఈ పిల్లల్ని మర్చిపోయాయని నేను అనను. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష నెగ్గిన పేదింటి పిల్లకి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఆ డబ్బు వల్ల చదువు మానకుండా నిలబడ్డ పిల్లల్ని నా కళ్లతో చూశాను. 2016 నుంచి, పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూసుకునే అటల్ టింకరింగ్ ల్యాబులకి ఒక్కో స్కూలుకి 20 లక్షల దాకా గ్రాంటు ఇస్తున్నారు. 2020 జాతీయ విద్యావిధానం అయితే ప్రతిభ ఉన్న పిల్లలకి క్లాసు పాఠానికి మించిన సామగ్రి ఇవ్వాలని, సబ్జెక్టు క్లబ్బులు పెట్టాలని, బీఈడీలోనే ఇలాంటి పిల్లలకి చెప్పడంలో స్పెషలైజేషన్ ఉండొచ్చని రాసింది. డబ్బు, యంత్రం, విధానం అన్నీ ఉన్నాయి. మా పిల్లకి లేనిది టైము. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఆ పిల్ల రోజంతా తనకి వచ్చిందే వింటోంది. కొత్తది నేర్చుకోవడానికి మేం ఇచ్చింది అలసిపోయాక మిగిలిన గంటన్నర.

ఈ విషయం మీద 1970ల నుంచి పనిచేసిన అమెరికా ఆచార్యుడు జోసెఫ్ రెంజుల్లి ఒక పద్ధతి చెప్పాడు. పాఠం మొదలుపెట్టే ముందే చిన్న పరీక్ష పెట్టు, పిల్లకి ఏది వచ్చో చూడు, వచ్చినదాన్ని వదిలెయ్యి, అలా మిగిలిన పీరియడ్లని ఆ పిల్ల ప్రశ్నకి ఇవ్వు. ప్రతిభ అంటే తెలివి ఒక్కటే కాదని, పట్టుకున్న పనిని వదలని పట్టుదల, కొత్తగా ఆలోచించే గుణం కూడా కలవాలని కూడా ఆయన చెప్పాడు. నాలుగు రోజులు వరసగా డొక్క ముక్కలు వేసి కొలిచిన పిల్లలో ఆ మూడూ ఉన్నాయి. మా ఎంపిక పరీక్ష చూసింది మొదటిదాన్నే.

పెద్ద శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో మన భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాస్ కాలేదు. బోదకాలు రాకుండా మన గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర, ఆయన నడిపించిన పరిశోధన నుంచి వచ్చిందే. రెండుసార్లు తప్పిన ఆ కుర్రాణ్ణి మా పన్నెండు మందిలోకి తీసుకునేవాళ్లమా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఆ పిల్ల ఇంటికి వెళ్లొచ్చిన మర్నాడు నాకు తోచిన పని ఒకటి చేశాను. లాకుల దగ్గర ఎన్నో ఏళ్లు పనిచేసి రిటైరైన లస్కరు (కాలవ నీళ్లు చూసుకునే ఉద్యోగి) ఒకాయన మా వీధిలోనే ఉంటారు. పిల్ల నాన్నని కూడా రమ్మని, పిల్లని తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లాం. ఆయన నోట్సు తీసుకుని అంకెలు చదివి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గట్టు మీద కూర్చుని చేత్తో చూపిస్తూ చెప్పారు: "నీరు పైన పరిగెడతాదమ్మా, అడుగున పాకుద్ది. ఒడ్డుని రాసుకునే నీరు కూడా అంతే, అక్కడ మట్టి పట్టుకుని లాగుద్ది. నువ్వు చూసింది పై పరుగు. మొత్తం నీటి నడక దానికంటే తక్కువ." పై వేగాన్ని సుమారు 0.85తో గుణిస్తే మొత్తం ప్రవాహం సగటు వేగం వస్తుందని నేను కలిపాను. ఆ పిల్ల వెంటనే అడిగింది: "గుర్రపుడెక్క అడ్డం పడితే కూడా అదే 0.85 వస్తుందాండీ?" లస్కరు గారు నా వైపు చూశారు. ఆ రోజు మేం గట్టు దిగేసరికి పొద్దు గూకింది. ఇంటికి వెళ్దామని ఆ పిల్ల ఒక్కసారి కూడా అనలేదు.

అందుకే నేను అడిగేది కొత్త పథకం కాదు, ఒక ఉత్తర్వు. ఇలాంటి క్లాసు ఏ స్కూల్లో పెట్టినా బడి వేళల్లోనే పెట్టాలి. అందులో ఉన్న పిల్లకి వచ్చిన పాఠం పరీక్ష పెట్టి చూసి, దాని హోంవర్కు, నోట్సు మాఫీ చెయ్యాలి. వెనకబడిపోతారేమో అని హెడ్‌మాస్టర్లు భయపడతారు, ఇన్‌స్పెక్షన్‌లో ఖాళీ నోట్సు కనిపిస్తే ఎవరు సమాధానం చెబుతారని టీచర్లు భయపడతారు. ఆ భయం తీర్చడానికి మీ సంతకం ఉన్న కాగితం కావాలి. మా మాట చాలదు.

ఇంకొకటి. ప్రతి స్కూలు కాంప్లెక్సుకీ (దగ్గరి బడులన్నీ కలిపిన గుంపుకి) చుట్టుపక్కల పని తెలిసినవాళ్ల జాబితా ఒకటి తయారు చేయించండి. మన డెల్టాలో వాళ్లకి కొదవ లేదు. లస్కర్లున్నారు, పడవలు కట్టేవాళ్లున్నారు, అంబాజీపేటలో కొబ్బరి మీద పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, స్వర్ణ వరి వంగడాన్ని ఇచ్చిన మారుటేరు పరిశోధన స్థానం ఉంది. నెలకి ఒక పూట పిల్లల్ని వాళ్ల దగ్గరికి తీసుకెళ్లడానికి అనుమతి, ఆటో ఖర్చు, తోడుగా ఒక టీచరు ఉంటే చాలు. ఆ టీచరు కనీసం రెండేళ్లు మారకుండా ఉండాలి. నాలుగు నెలలకొకరు మారితే పిల్ల తన ప్రశ్నని ప్రతిసారీ మొదట్నుంచి చెప్పుకోవాలి. మూడోసారికి చెప్పడం మానేస్తుంది.

ఆడపిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరాలన్నది వేరే చెప్పక్కర్లేదనుకుంటాను, బడి వేళల్లో పెడితే అదీ తీరిపోతుంది.

ఆ పిల్ల ఇప్పుడు మళ్లీ వస్తోంది. శనివారం క్లాసుకి కాదు, మధ్యాహ్నం లెక్కల పీరియడ్‌లో నా దగ్గరికి. ఆ క్లాసు టీచరు మంచి మనసుతో పంపిస్తున్నారు గానీ ఆవిడకి ఎప్పుడు బదిలీ అవుతుందో తెలియదు. వచ్చే జూన్‌కి పిల్ల ఎనిమిదిలోకి వస్తుంది. కాలవలకి నీళ్లు వదిలిన రోజు నుంచి శివారు దాకా ఐదు చోట్ల కొలవాలని చార్టు గీసుకుంది, లస్కరు గారు తోడు వస్తానన్నారు. వాటిలో రెండు చోట్ల బడి టైములోనే కొలవాలి. మీ ఉత్తర్వు లాకులెత్తేలోపు వస్తే బాగుంటుందండి.

ఇట్లు,
కోనసీమ నుంచి
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు